"జీన్ మారిస్తే నా కూతురికి రాదు గదా మేడం?" – ఒక హీమోఫీలియా కేసు

నేను డాక్టర్‌ని కాదు. హీమోఫీలియా, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని పుట్టుజబ్బు, దాని డే కేర్ సెంటర్‌లో 11 ఏళ్ళుగా కౌన్సెలర్‌ని. మందు రాసేది డాక్టర్ గారు, సూది వేసేది సిస్టర్లు, ఆ రెండింటికీ మధ్య "అంటే ఏంది మేడం?" అని అడిగితే జవాబు చెప్పేది నేను. ఈ కేసు రాయడానికి కారణం అందులో నేను చేసిన పొరపాటే. జీన్ థెరపీ, అంటే పనిచేసే జీన్‌ని ఒంట్లోకి పంపే చికిత్స, దాని గురించి ఒక పేషెంట్‌కి 40 నిమిషాలు బొమ్మలు గీసి మరీ చెప్పాను, చివర్లో చిన్న పరీక్ష కూడా పెట్టాను, 10కి 9 వచ్చాయి, ఇంకేం, బాగా ఎక్కింది అనుకున్నాను. లేచి వెళ్ళిపోతూ తలుపు దగ్గర ఆగి అతను అడిగిన ఒక్క మాటతో ఆ 40 నిమిషాలూ గోవిందా.

అతని అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను.

పేషెంట్ సంగతి

27 ఏళ్ళ అబ్బాయి, చిత్తూరు జిల్లా పడమటి మండలాల వైపు. సివియర్ హీమోఫీలియా ఎ, అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 ఒక శాతం కూడా లేదు. ఇన్హిబిటర్, అంటే ఎక్కించిన ఫ్యాక్టర్‌ని పనిచేయనివ్వని యాంటీబాడీ, లేదు. 11 నెలల వయసులో పాకడం మొదలుపెట్టగానే మోకాళ్ళ మీద నీలం మచ్చలు, తర్వాత పెదవి చిట్లితే రెండు రోజులు ఆగని రక్తం, అక్కడ బయటపడింది. వాళ్ళమ్మకు తమ్ముడు ఒకడుండేవాడు, 9 ఏళ్ళప్పుడు పన్ను పీకిస్తే రక్తం ఆగక పోయాడట. అప్పట్లో దానికి పేరు కూడా ఎవరూ చెప్పలేదు.

అబ్బాయికి సెల్ ఫోన్ రిపేరు షాపుంది. నాన్న టమాటా పెడతాడు, రెండు ఆవులున్నాయి. చెల్లెలికి పెళ్ళయింది, మూడేళ్ళ పాప. ఎడమ మోకాలు బాగా దెబ్బతింది, పూర్తిగా చాపలేడు, బస్సులో ఎప్పుడూ నడవా పక్క సీటు చూసుకుని కాలు బయటకు పెట్టుకుని కూర్చుంటాడు. 2023 చివరి వరకూ బ్లీడింగ్ వచ్చాకే ఫ్యాక్టర్ ఎక్కించుకునేవాడు. మోకాలు వాచి బంతిలా అయ్యాక మూడు గంటలు బస్సులో రావడం, వచ్చాక స్టాక్ ఉంటే సరే, లేకపోతే ఐస్ పెట్టుకుని మర్నాటిదాకా కూర్చోవడం. 2024 జనవరి నుంచి నాలుగు వారాలకోసారి చర్మం కింద ఎమిసిజుమాబ్ అని, ఫ్యాక్టర్ 8 చేసే పని చేసిపెట్టే మందు సూది వేస్తున్నాం. అంతకుముందు నెలకు రెండు మూడు బ్లీడింగులు ఉండేవి, ఆ తర్వాత 13 నెలల్లో రెండే రెండు, అందులో ఒకటి బండి మీద నుంచి పడితే వచ్చింది.

ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఫిబ్రవరి 2025, వాట్సాప్ వీడియో

సూదికి వచ్చినరోజు ఫోన్ చేతికిచ్చాడు. ఒక రెండు నిమిషాల తెలుగు వీడియో. "హీమోఫీలియాకు శాశ్వత పరిష్కారం, వెల్లూరులో అద్భుతం" అని పెద్ద అక్షరాలు, వెనక మ్యూజిక్కు. అంతకు రెండు నెలల ముందు, 2024 డిసెంబర్‌లో, వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి వాళ్ళ ట్రయల్ ఫలితాలు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. వార్త నిజమే. వీడియోలో లేనిది ఏమిటంటే అది ఐదుగురి మీద చేసిన మొదటి దశ ట్రయల్ అన్న సంగతి.

ఈ అబ్బాయి ఇంటివాళ్ళకి వెల్లూరు అంటే పరాయి రాష్ట్రం కాదు. మన డాక్టర్లు చేతులెత్తేస్తే ఎక్కే బస్సు అది. "వెల్లూరులో ఇస్తా ఉండారంట మేడం, ఒక్క సూదితో అయిపోతాదంట, మాకు లెటర్ రాసీండి, ఈ వారమే పోతాము" అన్నాడు. పక్కన వాళ్ళమ్మ అప్పటికే చేతులు జోడించేసింది. ఆ ముఖాలు చూస్తూ "ఆగండి" అనడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు.

నేను అప్పుడు చేసింది ఏంటంటే, కాగితం పెన్ను తీసుకుని క్లాసు మొదలుపెట్టాను. చెప్పినదాంట్లో తప్పేం లేదు, ఇప్పుడు చదివినా అంతా కరెక్టే.

రెండు రకాలున్నాయి అని చెప్పాను. అమెరికా, యూరప్‌లో అనుమతి వచ్చినవి ఒక రకం. ఏఏవీ అనే వైరస్‌లోంచి దాని సొంత సరుకు తీసేసి, ఫ్యాక్టర్ తయారుచేసే జీన్‌ని అందులో పెట్టి, ఒకసారి సెలైన్ లాగా నరంలోకి ఎక్కిస్తారు, అది లివర్ కణాల్లోకి చేరి అక్కడ ఫ్యాక్టర్ తయారవుతుంది. మన ఎ రకానికి రోక్టావియన్, 2022లో యూరప్‌లో, 2023 జూన్‌లో అమెరికాలో వచ్చింది. ఫ్యాక్టర్ 9 లోపించే బి రకానికి హెమ్‌జెనిక్స్, 2022 నవంబర్‌లో అమెరికాలో వచ్చింది. వెల్లూరుది వేరే దారి. పేషెంట్ రక్త మూలకణాలనే బయటకు తీసి, లెంటివైరస్ అనే ఇంకో రకం వైరస్ సాయంతో వాటిలో జీన్ పెట్టి, ఈలోపు కీమో ఇచ్చి ఎముక మూలుగ ఖాళీ చేసి, ఆ కణాలను తిరిగి ఎక్కిస్తారు. ఒకరకంగా బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్ళినట్టే. అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ వాళ్ళతో కలిసి చేసిన పని అది. ఐదుగురిలో ఇద్దరికి ఫ్యాక్టర్ తక్కువగానే వచ్చింది, మిగతా ముగ్గురికి సుమారు 20 శాతం దగ్గర్నుంచి 40 శాతం దాకా. చూసినంత కాలం ఐదుగురిలో ఒక్కరికీ బ్లీడింగ్ రాలేదు. మన దేశంలో జరిగిన పని కాబట్టి చెప్పేటప్పుడు నా గొంతులో కూడా కొంచెం గర్వం వచ్చే ఉంటుంది, దాచను.

ఆ తర్వాత పది ప్రశ్నల కాగితం ఇచ్చాను, తప్పా ఒప్పా టిక్కు పెట్టేది. ఒక్కసారే ఇస్తారా, ఒప్పు. పాడైపోయిన కీళ్ళు బాగవుతాయా, తప్పు. అందరికీ ఒకేలా పనిచేస్తుందా, తప్పు. ఇలా. తొమ్మిది కరెక్ట్ పెట్టాడు.

"అర్థమైందా?" అన్నాను. "అర్థమైంది మేడం" అన్నాడు. ఈ ప్రశ్నకి ఇన్నేళ్ళలో నాకు వేరే జవాబు రాలేదు.

అప్పుడు తలుపు దగ్గర ఆగి అన్నాడు, "జీన్ మారిస్తే ఇంక నా కూతురికి రాదు గదా మేడం? ఆ మాట పెళ్ళివాళ్ళకి చెప్పొచ్చు గదా?"

అసలు అడుగుతున్నది ఏంటి

అతన్ని మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి పెన్ను కింద పెట్టేసి ఒకటే అడిగాను, "ఇది చేయించుకుంటే మర్నాడు నీ జీవితంలో ఏం మారాలి అనుకుంటున్నావు?" ఈ ప్రశ్న మొదటే అడిగి ఉండాల్సింది.

గంట పట్టింది. పెళ్ళి సంబంధం ఒకటి నడుస్తోంది. అమ్మాయి తరఫువాళ్ళకి "రక్తం జబ్బు" అని ఎవరో చేరవేశారు. వాళ్ళు ఒకటే అడిగారట, పుట్టేవాళ్ళకి వస్తుందా అని. ఇతని లెక్క ఏంటంటే, జీన్ థెరపీ అంటే జీన్ మార్చడం, జీన్ మారితే జబ్బు మూలమే మారినట్టు, ఇంక పిల్లలకి పోయేది ఏముంది. పేరే అలా ఉంది మరి. తెలుగు పేపర్లు "జన్యు చికిత్స" అని రాస్తాయి, వినేవాళ్ళకి జన్యువుకే చికిత్స అని వినపడుతుంది. నా ప్రశ్నల కాగితంలో పిల్లల సంగతి ఒక్కచోట కూడా లేదు, ఎందుకంటే ఆ కాగితం తయారుచేసింది నేను, నాకు ముఖ్యం అనిపించినవే అందులో పెట్టాను.

విషయం ఏంటంటే, ఈ చికిత్స ఏ రకమైనా వీర్యకణాల్లో ఉన్న జీన్‌ని మార్చదు, ఉద్దేశం కూడా అది కాదు. ఇతనికి కొడుకులు పుడితే హీమోఫీలియా రాదు, ఎందుకంటే కొడుక్కి తండ్రి నుంచి వెళ్ళేది వై క్రోమోజోమ్, లోపం ఉన్నది ఎక్స్‌లో. కూతుళ్ళు పుడితే ప్రతి కూతురూ క్యారియర్ అవుతుంది, అంటే లోపమున్న జీన్‌ని మోస్తుంది, తన పిల్లలకి అది వెళ్ళొచ్చు. జీన్ థెరపీకి ముందు ఇదే, తర్వాతా ఇదే. "కొడుకులకి రాదా?" అని రెండుసార్లు అడిగాడు. 27 ఏళ్ళుగా మా దగ్గరికీ ఇంకో ఆసుపత్రికీ తిరుగుతున్న మనిషికి ఈ ఒక్క ముక్క ఇప్పటిదాకా తెలియదు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, బ్లీడింగ్ నొప్పిలో ఉన్నప్పుడు చెప్పి ఉంటారు.

మోకాలి సంగతి కూడా అప్పుడే బయటపడింది. కాగితంలో "పాడైన కీళ్ళు బాగవుతాయి, తప్పు" అని టిక్కు పెట్టిన మనిషే, "కొత్తగా రక్తం కారకుంటే పాతది దానంతటదే సర్దుకుంటాది గదా, పుండు మానినట్టు" అన్నాడు. కార్టిలేజ్, అంటే కీలులో ఎముకల మీదుండే మెత్తటి పొర, అరిగిపోయాక అలా కాదు నాయనా, అది ఫిజియోతో, తర్వాతెప్పుడో ఆపరేషన్‌తో చూసుకోవాల్సింది అని ఎక్స్‌రే తీసి లైటు మీద పెట్టి చూపించాను. చాలాసేపు చూశాడు.

ఇక మూడోది, చివరికి వచ్చింది, నా ఉద్దేశంలో అన్నిటికంటే పెద్దది. "ఇప్పుడు బాగుండా మేడం. నెలకొక సూది, హాయిగా ఉండాది. కానీ స్టాక్ లేదు అంటే?" గతంలో మా దగ్గరే ఫ్యాక్టర్ మూడు వారాలు అందని రోజులున్నాయి, ఆ టైంలో ఇతను మోకాలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నది నాకు గుర్తుంది. బయటి దేశాల్లో పేషెంట్లు జీన్ థెరపీని తూచేటప్పుడు తక్కెడలో రెండో వైపు ఉండేది టైముకి ఇంటికొచ్చే మందు. ఇతనికి రెండో వైపు ఉన్నది "స్టాక్ లేదు, రేపు రండి" అన్న మాట. అక్కడివాళ్ళ అభిప్రాయాల మీద వచ్చిన చర్చలు చదివి, వాటినే మన పేషెంట్లకి అన్వయిస్తే ఇక్కడే తేడా కొడుతుంది. ఇతను అడిగింది కొత్త జీన్ అనే కంటే, మా అల్మారా మీద ఆధారపడకుండా బతకడం అంటే సరిగ్గా ఉంటుంది.

యాప్, మదర్‌బోర్డు

రెండో విజిట్ మార్చిలో. ఈసారి నేను చెప్పలేదు, అతన్నే చెప్పమన్నాను, "మీ షాపుకి వచ్చినవాడికి చెప్పినట్టు నాకు చెప్పు". కాసేపు ఆలోచించి తన ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఇప్పుడు ఈ ఫోన్‌లో మదర్‌బోర్డు మింద ఒక చిప్ పనిచేయదనుకోండి. చిప్ మార్చడం లేదు. పైన ఒక యాప్ ఏస్తా ఉండారు, ఆ యాప్ ఆ పని చేస్తాది. ఫోన్ అమ్మేస్తే చిప్ ప్రాబ్లం అట్లే కొన్నోడికి పోతాది, యాప్ పోదు."

నేను 11 ఏళ్ళలో ఇంత శుభ్రంగా చెప్పలేదు. ఏఏవీ రకంలో జీన్ చాలావరకు కణం సొంత డీఎన్ఏలో కలవకుండా పక్కన విడిగా ఉంటుంది, కాబట్టి యాప్ పోలిక దానికి సరిపోయింది. వెల్లూరు పద్ధతికి సరిపోదు, అక్కడ జీన్ ఆ మూలకణాల డీఎన్ఏలో కలుస్తుంది. అది కూడా చెప్పాను. తర్వాత పోలిక ఇంకా ఎక్కడెక్కడ తెగుతుందో ఇద్దరం కలిసి వెతికాం. యాప్ నచ్చకపోతే తీసేయొచ్చు, దీన్ని తీయలేం. యాప్ పోతే మళ్ళీ వేసుకోవచ్చు, దీన్ని వేసుకోలేం, ఎందుకంటే ఒకసారి ఎక్కించాక ఆ వైరస్ మీద శరీరం యాంటీబాడీలు తయారుచేసేస్తుంది, రెండోసారి గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. కొందరికి అలాంటి వైరస్ ఎప్పుడో సోకి ఉండి ముందే యాంటీబాడీలుంటాయి, వాళ్ళకి మొదటిసారే కుదరకపోవచ్చు. "అంటే ఒకే ఛాన్సు" అన్నాడు. అవును.

పక్కన వాళ్ళమ్మ వింటోంది. ఇతను "మదర్‌బోర్డు" అన్నప్పుడల్లా ఆమె ముఖం మారుతోంది, నేను గమనించలేదు. చివరికి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "యా ఇంట్లో చూసినా మదర్ మిందే ఏస్తారు గదా మేడం, నా తమ్ముడూ నా వల్లే, నా కొడుకూ నా వల్లే" అంది. తమ్ముడు ఆమె వల్ల ఎలా అవుతాడు? వాళ్ళిద్దరికీ వాళ్ళమ్మ నుంచి వచ్చింది. కానీ ఆ లెక్క ఆమె ఎప్పుడూ వేసుకోలేదు, అన్నీ తన ఖాతాలోనే రాసుకుంది. చేతులు జోడించి "ఎంత ఖర్చయినా" అన్నది ఎందుకో అప్పుడు తెలిసింది. కొడుకు కంటే ఈ చికిత్స ఆమెకే ఎక్కువ కావాలి. ఇలాంటి ఇళ్ళలో పేషెంట్ సంతకం పెడతాడు, నిర్ణయం ఇంకొకరిది. అందుకని ఆ తర్వాత నుంచి తల్లిని, కొడుకుని విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడటం మొదలుపెట్టాను. విడిగా కూర్చున్నాకే అబ్బాయి బీరు సంగతి కూడా చెప్పాడు, "నెలకోసారి మేడం, ఫ్రెండ్స్‌తో, అమ్మకి చెప్పద్దండి". లివర్ మీద పనిచేసే చికిత్సకి అది చిన్న విషయం కాదు.

టమాటానా, పాలా

మూడో విజిట్‌కి నాన్న కూడా వచ్చాడు. మనిషి మాట్లాడడు. మొత్తం విని ఒకటే అడిగాడు, "ఎన్నేళ్ళు పనిచేస్తాది?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రోక్టావియన్ పెద్ద ట్రయల్‌లో 134 మంది. మొదటి ఏడాది చివరికి ఫ్యాక్టర్ సగటున 40 శాతం పైకి వెళ్ళింది, రెండో ఏడాది ముగిసేసరికి దాదాపు సగానికి వచ్చింది. కొందరికి మామూలు మనుషుల స్థాయి కూడా దాటింది, కొందరికి చెప్పుకోదగ్గంత రాలేదు, ఎవరికి ఎలా వస్తుందో ముందుగా చెప్పడం కుదరదు. బి రకంలో లెక్క మెరుగ్గా ఉంది. హెమ్‌జెనిక్స్ ట్రయల్‌లో 54 మంది, రెండేళ్ళ తర్వాత కూడా సగటు 36, 37 శాతం దగ్గర నిలబడింది, అంతకుముందు 2011లో లండన్ డాక్టర్లు మొదటి ఫలితాలు ప్రకటించిన బి పేషెంట్లలో పదేళ్ళు దాటాక కూడా ఫ్యాక్టర్ తయారవుతూనే ఉంది. కానీ మీవాడిది ఎ.

ఆయన కాసేపు నేల చూసి, "అంటే ఇది టమాటా మాదిరి, అది పాల మాదిరి" అన్నాడు.

నాకు వెలగలేదు. అబ్బాయి నవ్వి విడమరచి చెప్పాడు. పాల బిల్లు చిన్నదే, కానీ 15 రోజులకోసారి కచ్చితంగా వస్తుంది, దాంతోనే ఇల్లు నడుస్తుంది. టమాటా అంటే ఒకేసారి పెట్టుబడి, మదనపల్లె మార్కెట్లో రేటు తగిలితే అప్పులన్నీ తీరి బండి కొనుక్కోవచ్చు, తగలకపోతే రోడ్డు మీద పారబోసి రావాలి. నెలనెలా వేసే సూది పాల బిల్లు, జీన్ థెరపీ టమాటా పంట. ప్రపంచంలో ఇంత చర్చ జరుగుతున్న విషయాన్ని ఆ పెద్దాయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. "అయితే పాలే మేలా?" అంటే మాత్రం ఒప్పుకోలేదు, "పాలు మేలని యాడ చెప్పినా, డెయిరీ వాడు బండి పంపితే గదా" అన్నాడు. మళ్ళీ స్టాక్ దగ్గరికే వచ్చాం.

ధర చెప్పాలా వద్దా అని చాలామంది కౌన్సెలర్లు తటపటాయిస్తారు. నేను చెప్పేస్తాను. అమెరికాలో అప్పటి ధర హెమ్‌జెనిక్స్ 35 లక్షల డాలర్లు, రోక్టావియన్ 29 లక్షల డాలర్లు, మన లెక్కలో సుమారు 30 కోట్లు, 25 కోట్లు. ఎంత ఖర్చయినా అన్న తల్లి ముందే చెప్పాను, ఎందుకంటే చెప్పకపోతే ఇంటికెళ్ళి పొలం బేరం పెడతారు, అలా పెట్టినవాళ్ళని చూశాను. వెల్లూరుది ట్రయల్ కాబట్టి కొనుక్కునేది కాదు, వాళ్ళే ఎంపిక చేసుకుంటారు. "ట్రయల్" అన్న మాటకి అతను మొదట చేసుకున్న అర్థం "ముందు వచ్చినవాళ్ళకి ఫ్రీ" అని. సినిమా ట్రయల్ షో అన్నట్టు. చికిత్స ఇవ్వడానికీ, చికిత్స పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికీ ఉన్న తేడా చెప్పడానికి నాకు ఇంకో అరగంట పట్టింది, పట్టనివ్వాలి కూడా. కీమో అంటే జుట్టు ఊడటం ఒక్కటే కాదని, పిల్లలు పుట్టే అవకాశం మీద దెబ్బ పడొచ్చని, ముందుగా వీర్యం దాచిపెట్టుకోవడం గురించి మాట్లాడాలని చెప్పినప్పుడు అతను అన్నమాట, "పెళ్ళి కోసం చేయించుకుందామనుకుంటే ఇది పెళ్ళికే ఎసరు పెట్టేట్టుంది గదా మేడం".

ఏఏవీ రకంలో కీమో లేదు, కానీ దాని బాధలు దానివి. మొదటి ఆరు నెలలు వారం వారం రక్త పరీక్ష, లివర్ ఎంజైములు పెరిగితే స్టెరాయిడ్లు, రోక్టావియన్ ట్రయల్‌లో ఎక్కువమందికి నెలల తరబడి వేయాల్సి వచ్చింది. ముఖం ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, షుగర్ పెరగొచ్చు. కనీసం ఆరు నెలలు కండోమ్ తప్పనిసరి. కొత్తగా పెళ్ళయిన ఇంట్లో ఆరు నెలలకే "ఏమైనా విశేషమా" అని మొదలవుతుంది, ఆ ప్రశ్నకి కోడలు ఏం చెప్పుకోవాలో ఏ కన్సెంట్ ఫారంలోనూ రాసి ఉండదు.

మధ్యలో ఇంకొకాయన

ఈ కేసు నడుస్తుండగానే ఇంకో పేషెంట్‌తో ఇదే విషయం మాట్లాడాను, 58 ఏళ్ళు, బి రకం. కాగితం మీద చూస్తే ఈ చికిత్సకి ఇతనికంటే ఆయనే దగ్గర, ఫలితాలు బి లోనే బాగున్నాయి కదా. నేను "వైరస్" అనగానే చెయ్యెత్తాడు. "ఒకసారి ఎక్కించుకున్నాను, చాలు తల్లీ." చిన్నప్పట్నుంచీ ప్లాస్మా ఎక్కించుకుని పెరిగిన తరం ఆయనది, అందులోంచి హెపటైటిస్ సి తగిలింది. 2001 దాకా మన దేశంలో దానం చేసిన రక్తానికి ఆ పరీక్ష తప్పనిసరి కూడా కాదు. ఆయనతోపాటు వార్డులో పడుకున్నవాళ్ళలో కొందరికి హెచ్ఐవి వచ్చి పోయారు. ఒట్టి డొల్ల వైరస్ అండీ, జబ్బు చేయదండీ అని నేను చెప్తున్నది కరెక్టే, కానీ అప్పుడు కూడా ఆయనకి ఇది మంచిదే అని చెప్పే ఎక్కించారు.

కొందరు కౌన్సెలింగ్‌లో వైరస్ అన్న మాట రాకుండా "క్యారియర్" అనో "వాహకం" అనో అంటారు. నాకు అది నచ్చదు. తర్వాత ఎక్కడో ఒకచోట ఆ మాట కనపడుతుంది, అప్పుడు మిగతావన్నీ అబద్ధాలైపోతాయి. పైగా మన దగ్గర క్యారియర్ అంటే ఇంకో అర్థం ఉంది, తల్లులూ చెల్లెళ్ళూ.

ఆయన ఫైల్లో "అవగాహన లేక నిరాకరించారు" అని రాయబోయిన జూనియర్‌ని ఆపాను. ఆయనకున్నంత అవగాహన మాకెవరికీ లేదు.

నిర్ణయం

ఏప్రిల్‌లో అబ్బాయి ఒక్కడే వచ్చాడు. నేను అడక్కుండానే చెప్పాడు. "వేరేవాళ్ళవి పదేళ్ళు చూసినాక చెప్తా మేడం. అప్పటికి నాకు 37. ఉండే ఒక్క ఛాన్సు ఇప్పుడే ఏల వాడేయాల." ఫైల్లో ఆ మాటలే, అతని మాటల్లోనే రాశాను. "కాదు" అనలేదు, "ఇప్పుడు కాదు" అన్నాడు.

13 నెలల్లో రెండు బ్లీడింగులు అన్న లెక్క ఇక్కడ పనికొచ్చింది. నెలకు మూడు బ్లీడింగులతో ఉన్న మనిషికి ఒకేసారి వచ్చే చికిత్స ఇచ్చే లాభం వేరు, ఇప్పటికే దాదాపు ఆగిపోయిన మనిషికి వేరు. ఇది ఇతనొక్కడి ఆలోచన కూడా కాదు. బి రకానికే వచ్చిన ఇంకో జీన్ థెరపీ బెక్‌వెజ్‌కి 2024 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వస్తే, పట్టుమని ఏడాది కూడా కాకముందే, 2025 ఫిబ్రవరిలో, పేషెంట్లూ డాక్టర్లూ పెద్దగా ఆసక్తి చూపలేదంటూ ఫైజర్ మానేసింది. రోక్టావియన్‌ని కూడా 2024లో అమెరికా, జర్మనీ, ఇటలీకే పరిమితం చేశారు. అక్కడ బెంచీ మీద ఐస్ పెట్టుకుని కూర్చునే బాధ లేదు, అయినా ఆగి చూస్తున్నారు. జనానికి అర్థం కాక వద్దంటున్నారు, ఇంకా బాగా వివరిస్తే ఒప్పుకుంటారు అన్న మాట మీటింగుల్లో వింటుంటాను. నా అనుభవంలో ఎక్కువసార్లు తిరగబడింది, సరిగ్గా అర్థమయ్యాకే ఆగుతారు. అలాగని ఆగడమే తెలివైన పని అనడం లేదు, రేపు మా దగ్గర సూది స్టాక్ రెండు నెలలు ఆగిందంటే ఇదే అబ్బాయి వచ్చి లెటర్ అడుగుతాడు, అప్పుడు కూడా అతనికి పూర్తిగా అర్థమయ్యే అడుగుతాడు.

సంబంధం సంగతి అడిగాను. కొడుకులకి రాదు, కూతుళ్ళు క్యారియర్లవుతారు అని ఉన్నదున్నట్టు చెప్పాడట. వాళ్ళు ఆలోచించుకుంటామన్నారు. ఇది రాసే సమయానికి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

నేను మార్చుకున్నవి రెండే. పది ప్రశ్నల కాగితం పక్కన పడేశాను, ఇప్పుడు మొదట అడిగేది "ఏం మారాలి అనుకుంటున్నారు" అనే, ఆ తర్వాతే పెన్ను. ఇంకోటి, చెల్లెళ్ళ గురించి అడగడం.

ఆ రెండోది ఇతని వల్లే మొదలైంది. నిర్ణయం చెప్పి లేవబోతూ మళ్ళీ తలుపు దగ్గర ఆగాడు, నాకు గుండె జారింది. "మా చెల్లెలు రెండోది అనుకుంటా ఉంది. ఆయమ్మకి కూడా ఆ చిప్ ప్రాబ్లం ఉండొచ్చు గదా?"

ఉండొచ్చు, సగానికి సగం అవకాశం. ముందు ఇతని రక్తం పంపాం. సివియర్ ఎ కేసుల్లో 40 నుంచి 45 శాతం మందిలో కనిపించే ఇంట్రాన్ 22 ఇన్వర్షన్, అంటే ఫ్యాక్టర్ 8 జీన్‌లో ఒక భాగం తిరగబడి ఉండటం, ఇతనిలో దొరికింది, కాబట్టి చెల్లెల్లో వెతకాల్సింది ఏంటో తెలిసిపోయింది. మేలో ఆమె పాపని చంకనేసుకుని వచ్చింది. మామూలుగా అడిగే ప్రశ్నలే అడుగుతూ నెలసరి దగ్గరికి వచ్చాను. ఏడెనిమిది రోజులు ఉంటుంది, రెండు రోజులు లేవలేను, అందరికీ అంతే కదా మేడం అంది. కాన్పప్పుడు రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారట, ఎందుకని ఎవరూ అడగలేదు. ఫ్యాక్టర్ 8 కూడా కలిపి పంపాం.

రిపోర్టు వచ్చింది. క్యారియర్. ఫ్యాక్టర్ 34 శాతం. 40 లోపు ఉంటే ఆడవాళ్ళకైనా దాన్ని మైల్డ్ హీమోఫీలియా అనే అంటాం. మళ్ళీ కడుపు నిలిస్తే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష ఒకటుందని, చేయించుకోవడం మానుకోవడం ఆమె ఇష్టమని, కాన్పు మాత్రం ఫ్యాక్టర్ ఉన్న ఆసుపత్రిలోనే జరగాలని చెప్పాను. పాపకి జన్యు పరీక్ష ఇప్పుడే వద్దు, పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటుంది, ప్రస్తుతానికి ఫ్యాక్టర్ ఎంతుందో మాత్రం చూద్దాం అన్నాను. ఆమె అన్న వైపు తిరిగి, "అంటే ఇన్నాళ్ళు నువ్వొక్కడివే పేషెంట్ అనుకున్నామా అన్నా?" అంది. వాళ్ళమ్మ ఆ రోజు రాలేదు, నేనే రావద్దన్నాను, ఆమెతో విడిగా కూర్చోవాలి.

సిస్టర్ కొత్త రిజిస్ట్రేషన్ కార్డు రాసింది. మా రిజిస్టర్‌లో ఆ పేజీలో అన్నీ మగవాళ్ళ పేర్లే ఉన్నాయి, పేరు పక్కన గడిలో "తండ్రి పేరు" అని ముందే అచ్చయి ఉంది. ఆమె అక్కడ భర్త పేరు రాయాలా తండ్రి పేరు రాయాలా అని పెన్ను పట్టుకుని నన్నడిగింది.